తూనీగకు మూరెడు దూరంలో

గట్టుమీద మోకాళ్లూని, కెమెరాలో తూనీగ కళ్లకు ఫోకస్ సరిచేస్తున్నాను. దాని వెనక మసకగా కనిపిస్తున్న ఎండుగడ్డి కదిలింది. గాలి లేదు. ఆ వెంటనే కుక్కర్ కూతకు ముందు వచ్చేలాంటి బుస. రక్తపింజర! నా వెనక పిల్లలిద్దరూ మునివేళ్లమీద వస్తున్నారు. చప్పుడు చేస్తే తూనీగ ఎగిరిపోతుందని వాళ్లకు చెప్పింది నేనే.

"సిరీ, తమ్ముణ్ణి పట్టుకుని అక్కడే ఆగు. కదలొద్దు" అని, మోకాళ్లమీదే వెనక్కి జరిగాను. పాము నెమ్మదిగా చేలోకి జారిపోయింది.

నిన్న సాయంత్రం దివిసీమలో, మా అత్తవారి పొలంలో జరిగిందిది. ఆ పాముకీ నాకూ మధ్య మిగిలిన ఆ మూరెడు దూరం రాజ్యలక్ష్మి మేడం పెట్టిందే. గుడివాడ కాలేజీలో ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు. లెన్సు కొనడానికి నాతో బందరు వచ్చారు. షాపతను పురుగుల్ని దగ్గరగా ఫోటో తీసే లెన్సులు రెండు చూపించాడు. తేలిగ్గా, కొత్తగా ఉన్న యాభై ఎమ్మెమ్ నాకు నచ్చింది. మేడం మాత్రం బరువైన పాత వంద ఎమ్మెమ్ లెన్సు అందుకున్నారు.

"రెండిట్లోనూ పురుగు ఒకే సైజులో కనిపిస్తుంది. నిన్ను ఎంత దూరంలో కూర్చోనిస్తుందో అది చూసుకో" అన్నారు.

"పురుగులకి పెళ్లిచూపులాండీ?" అని షాపతను నవ్వాడు.

"అవునయ్యా. మొహమ్మీద మొహం పెడితే పెళ్లికూతురు పారిపోదూ?"

వందే కొన్నాను.

మమ్మల్ని పొలాలకు తీసుకెళ్లినప్పుడు, గట్టు ఎక్కేముందు ఆవిడ వెదురుకర్రతో నేలను టకటకా కొట్టేవారు. ఉన్న తూనీగలన్నీ ఎగిరిపోయేవి. "అన్నిటినీ తోలేశారు కదండీ!" అని గోల పెట్టేవాళ్లం.

"కూర్చోండమ్మా. తూనీగకి తన పుల్లంటే మహా మమకారం. మళ్లీ అక్కడికే వస్తుంది. ఈలోగా వెళ్లాల్సినవాళ్లు వెళ్తారు" అనేవారు.

నిజంగానే వచ్చేవి. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ ఎంచిన లెన్సు జాగ్రత్తగా దాచుకున్నాను, కర్రను మాత్రం వదిలేశాను.

"ఇక ఆ కెమెరా బీరువాలో పెట్టెయ్" అన్నారు మావారు, రాత్రి పాము సంగతి విని. కానీ బీరువాలో పెడితే పిల్లలకు మిగిలేది పొలమంటే భయమే. అలా జరగనివ్వనని అనుకున్నాను.

ఈ పొద్దున బన్నీ నా కొంగు పట్టుకుని, "ఇంక తూనీగ లేదా అమ్మా?" అన్నాడు. పెరట్లోంచి వెదురుకర్ర తెచ్చి సిరి చేతిలో పెట్టాను.

"ఉంది నాన్నా. ముందు అక్క గట్టుని గట్టిగా కొడుతుంది. తూనీగ ఎగిరిపోతుంది, పోనీ. మనం దూరంగా కూర్చుందాం. అదే తిరిగొస్తుంది."