గాలం వదిలి తోటా పట్టిన పొద్దు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. లక్సెట్టిపేట దగ్గరి ఒక ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. దయ్యం పట్టిందని ఒక పిల్లను వేపమండలతో కొడుతుంటే, ఆ మండలు గుంజి పారేసి పిల్లను రక్తపరీక్షకు తీసుకుపోయినదాన్ని. ఊరంతా నా నోటికి భయపడుతుంది. అలాంటిది, ఇది చెప్పడానికి నాకే ఒకరకంగా ఉంది.

మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. మంచిర్యాల వైపు పట్టాల మీదే ఆయన బతుకంతా గడిచింది. పట్టా మార్చేటప్పుడు కింద నలిగి కుడిచేతి చివరి రెండు వేళ్లు పోయాయి. మిగిలిన వేళ్లతోనే రిటైరయ్యేదాకా సుత్తె కొట్టాడు. ఆ తర్వాత వాటితోనే గాలం పట్టాడు. పొద్దున సద్ది తిని గోదావరికి పోతే ఎండ నెత్తికెక్కేదాకా వచ్చేవాడు కాదు. పని దగ్గర ముక్కు మీద కోపం, గాలం దగ్గర ఎక్కడలేని ఓపిక. "నాతోని గట్ల గంటసేపు కూసున్నవా ఎన్నడన్న?" అని మా అవ్వ తన మొగుణ్ని దెప్పేది.

గ్యాంగు వాళ్లకు ఒక పద్ధతి ఉంది. బండి మీదికి వస్తున్నా ఎవడైనా తప్పుకోకపోతే, ఎదురుగా వచ్చి రొమ్ము మీద అరచేత్తో ఒక్క నూకు నూకుతారు. పడ్డవాడు లేచి కోపం చేయడు. చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకుపోయి, పట్టాల నడుమ రాళ్లు ఏరుకుంటున్న నన్ను కూడా అలాగే నూకాడు. ఆయన మొహం నా వైపు, వీపు బండి వైపు. ఇద్దరం కంకర మీద పడ్డాం. నా మోచేయి చీరింది. బండి పోయాక ఏడుస్తూ తిట్టాను.

"పిలిచెటందుకు టైం ఉండది బిడ్డా. నూకుడే," అన్నాడు.

గోదావరి మడుగుల్లో కొందరు తోటాలు పేల్చి చేపలు పడతారు. బావుల్లో బండలు పగలగొట్టే తోటాలే అవి. అంటించి నీళ్లలోకి విసిరితే చేపలు పొట్టలు పగిలి తెల్లగా తేలుతాయి. వాళ్లను చూస్తే బాపుకు ఒళ్లు మండేది. ఒకసారి ఒకడిని ఒడ్డు మీద దొరకబట్టి పళ్లు రాలేలా కొట్టాడు. ఊళ్లో పంచాయితీ కూడా అయింది. "గాలమేస్తే చేపను అడిగినట్టు. తోటా ఏస్తే దాని గొంతు పిసికినట్టు," అని పంచాయితీలో కూడా అదే మాట మీద ఉన్నాడు.

బాపు పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టుకున్నాం. పోయినవాళ్లకు ఇష్టమైనది వండి పిట్టకు పెట్టడం మా ఆనవాయితీ. కాకి ముడితే వాళ్లు తిన్నట్టు. బాపుకు ఇష్టమైంది గోదావరి కొర్రమట్ట. బజారు చేపను ఆయన ముట్టేవాడు కాదు. నా తమ్ముడు మల్లేశ్ ఇందుకోసమే దుబాయి నుంచి వచ్చాడు. బాపు పోయినప్పుడు వాడికి సెలవు దొరకలేదు. ఆ బాధ వాడిని లోపల తింటూనే ఉంది. సంవత్సరీకం రోజు తెల్లవారినప్పటి నుంచి వాడు బాపు గాలమే వేసుకుని గోదావరి ఒడ్డున కూర్చున్నాడు. ఒక్క చేప పడలేదు. ఇంట్లో చూస్తే చుట్టాలంతా దిగారు.

అప్పుడు వాడి దోస్తు రాజు తోటా తెచ్చాడు. ఆ సంగతి తెలిసి నేను పరుగెత్తేసరికి, మల్లేశ్ మడుగు అంచున బండ మీద నీళ్ల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. రాజు వాడికి పక్కన కొంచెం దూరంలో ఉన్నాడు. పొద్దు బాగా ఎక్కింది. మూడో మనిషి ఎవరూ లేరు.

"ఒరే మల్లేశా, తోటా ఏసి సంపిన చేప బాపుకు పెడ్తవారా? సిగ్గు లేదా?" అని ఒడ్డు మీద నుంచే అరిచాను.

"మరేం జెయ్యాలె అక్కా? ఉత్త ఇస్తారి పెట్టాల్నా ఆయనకు?" వాడి గొంతు నిండా ఏడుపే. అంటూనే ఒత్తి అంటించి చెయ్యి ఎత్తాడు.

విసరలేదు. ఉన్నపళంగా వెనక్కి ఎగిరి పడ్డాడు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ముందు వాడు పడ్డాడు, ఆ తర్వాతే చప్పుడు వచ్చింది. చేతిలోంచి జారిన తోటా బండకు అవతల నీళ్ల వైపు పడి, పడీపడగానే పేలింది. వాడు విసిరేదాకా అది ఆగేది కాదు, చేతిలోనే పేలేది.

బండ పెచ్చులు లేచి వచ్చాయి. రాజు మొహం పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం ధార కట్టింది. ఒక కన్ను అక్కడే పోయింది. నా చెంగు చించి వాడి తలకు కట్టాను. వాడు నొప్పికి నా చేతిని కొరికాడు. ఆ పక్కన నీళ్ల మీద పిల్లచేపలు చచ్చి తేలుతున్నాయి. అందులో ఒక్క కొర్రమట్ట కూడా లేదు.

దవాఖానలో మల్లేశ్ అంగీ నేనే విప్పాను. ఒంటి మీద ఎక్కడా గీత లేదు. రొమ్ము నడుమ మాత్రం నల్లగా కమిలి ఉంది. ఒక అరచేయి, బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు. అంతే. నా చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాను. మిగతా రెండు వేళ్లు ఉండాల్సిన చోట చర్మం మామూలుగా ఉంది.

డాక్టరు ఎవరు కొట్టారని అడిగాడు. కానిస్టేబుల్ అయితే ఇద్దరు దోస్తులూ కొట్లాడుకున్నారనే అనుకున్నాడు. నేను జరిగింది చెబితే, పేలుడు ఊపుకు కమిలి ఉంటుందన్నాడు డాక్టరు. కావచ్చు. కానీ వాడు పేలుడుకు ముందే పడ్డాడు. పైగా పేలుడుకు వేళ్లుంటాయా?

ఆ రోజు పిట్టకు వట్టి పప్పన్నమే పెట్టారట. కాకి ముట్టిందో లేదో చూసే తీరిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మల్లేశ్‌కు చెవులు దిమ్మెక్కాయి. మూడో రోజు నా చెయ్యి పట్టుకుని, తనకే వినబడక గట్టిగా అరుస్తూ అడిగాడు.

"నన్ను నూకినప్పుడు తోటా బాపు ఎనుకనే పడ్డది గదా అక్కా. ఆయనకేమన్న తాకిందా?"

వార్డులో అందరూ మా వైపు తిరిగారు. దయ్యాలు లేవని ఊరందరికీ చెప్పే దాన్ని, వాడి రొమ్ము మీది ఆ కమిలిన గుర్తు మీద చెయ్యి పెట్టి ఏడ్చాను.