సరుగుడు కొమ్మ మీద పేర్లు

గుడ్డుకు రెండు చిల్లులు పెట్టాలి. పైన చిన్నది, కింద కాస్త పెద్దది. మగ్దలీనమ్మ దబ్బనం మొనను పెంకు మీద ఆనించి వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతుంది. నొక్కదు. నొక్కితే పగులుతుంది. చిల్లు పడ్డాక దబ్బనాన్ని లోపలికి పోనిచ్చి పచ్చసొనను చెదరగొడుతుంది. పై చిల్లుకు పెదవులు ఆనించి ఊదుతుంది. కింద గిన్నెలోకి సొన తీగలా దిగుతుంది. కాసేపటికి చేతిలో బరువు ఉండదు.

ముప్పై నాలుగేళ్లుగా ఈస్టరుకు ముందు వారం ఆమె చేసే పని ఇది.

ముత్తుకూరు నుంచి రేవు వైపు పోయే రోడ్డు పక్కన, పాత మిషన్ గుడి వెనక ఆమె ఇల్లు. రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో పొయ్యి, మంచం. అరవై మూడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయి పదకొండేళ్లయింది. ఆ తర్వాత ఇంట్లో రెండో కంచం బయటికి తీసే పని పడలేదు.

గుడ్ల పని ఆమెకు నెల్లూరు హాస్టల్లో ఒక మేట్రనమ్మ నేర్పింది. అప్పుడు మగ్దలీనమ్మకు తొమ్మిదేళ్లు. ఈస్టరు రోజు మేట్రనమ్మ ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో గుడ్డు పెట్టింది. ఎర్రమట్టి రంగు. దాని మీద తెల్లగా పేరు. మగ్దలీనమ్మ తన పేరును ఎప్పుడూ పలకమీద, పుస్తకంలో తనే రాసుకుంది. ఇంకొకరు కూర్చుని తన కోసం ఆ పేరు రాయడం అదే మొదటిసారి. ఆ గుడ్డు రెండేళ్లు దాచుకుంది. ఏ సెలవుల్లోనో బస్సులో చితికిపోయింది.

అందుకే ఆమె గుడ్ల మీద పేర్లు రాస్తుంది. పువ్వులు, చుక్కలు వెయ్యడం ఆమెకు వచ్చు. మునగాకు రెమ్మను పెంకు మీద అతికించి, పాత గుడ్డతో చుట్టి, ఉల్లిపొట్టు నీళ్లలో ఉడికిస్తే ఆకు అచ్చు దిగుతుంది. అది కూడా వచ్చు. అవి ఎవరడిగినా చేసిస్తుంది. సండేస్కూలు పిల్లలకు మాత్రం పేరే.

కోడిగుడ్లు పనికిరావు, పెంకు పలచన. బాతుగుడ్లు కావాలి. వరికోతలయ్యాక కొయ్యకాళ్ల పొలాల్లో బాతుల మందను తిప్పే పెంచలకృష్ణ తెచ్చిస్తాడు. ఈ ఏడు కూడా గడ్డి పరిచిన బుట్టలో తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"ఏందక్కా, ఈ ఏడు కూడా వీధంతా ఆమ్లెట్టేనా?"

"నీకూ పంపిస్తాలే."

"నా బాతులు పెట్టినయ్యి నాకే తినిపిస్తావా? వాటి మొహం ఎట్టా చూడాల నేను?" అని నవ్వాడు. బుట్ట ఖాళీ చేస్తూ, "మీ గుడిలో పిల్లకాయలు తగ్గినారంటనే. ఇన్నెందుకు?" అన్నాడు.

"పేర్లు ఇరవయ్యారు ఉండాయి. ఇరవయ్యారు గుడ్లు కావాల."

అతను చెప్పింది నిజమే. ఏడాది కిందట పాస్టరు గారి మార్పు విషయంలో గొడవ వచ్చి గుడి రెండుగా చీలింది. సగం కంటే ఎక్కువ కుటుంబాలు విడిగా పోయి, మెయిన్‌రోడ్డు మీద రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని అక్కడ ప్రార్థన పెట్టుకున్నాయి. సండేస్కూలు పట్టీలో ఇరవై ఆరు పేర్లుంటే, పాత గుడిలో తొమ్మిది మంది మిగిలారు. పదిహేడు మంది షెడ్డుకు పోయారు.

సండేస్కూలు చెప్పే లిల్లీ ఆ మాట చెప్పడానికే వచ్చింది.

"అక్కా, తొమ్మిది చెయ్యి, చాలు."

"మిగతా పదిహేడు మంది?"

"వాళ్లు షెడ్డోళ్లు."

"పోయినేడు మనోళ్లే గదా."

"పోయినేడు అట్టా. ఈ ఏడు ఇట్టా." లిల్లీ గొంతు తగ్గించింది. "నువ్వు ఆ షెడ్డు గడప తొక్కినావంటే మన పెద్దలు ఊరుకోరు. గుడిలో ప్రార్థన బల్ల మీది గుడ్డలు కూడా నీ చేత కుట్టించరు. చెప్పలేదనేవు."

"నేను తొక్కనులే."

అబద్ధం చెప్పలేదు. అప్పటికే ఆమె మనసులో వేరే చోటు ఉంది.

కొవ్వొత్తి కొనను బ్లేడుతో చెక్కి, దానితో పెంకు మీద రాస్తుంది. తెల్లటి పెంకు మీద తెల్లటి మైనం. రాసేటప్పుడు ఏమీ కనిపించదు. ఎక్కడిదాకా వచ్చిందో వేలికొనతో తడిమి చూసుకోవాలి. తర్వాత చల్లార్చిన ఉల్లిపొట్టు నీళ్లలో కాస్త వెనిగరు పోసి గుడ్డును ముంచాలి. ఖాళీ గుడ్డు మునగదు. తేలి పక్కకు దొర్లుతుంది. స్టీలు సాసరుతో అణిచి పట్టుకుంటే చిల్లులోంచి బుడగలు వస్తాయి. నిండాక దానంతటదే అడుగుకు పోతుంది. ఒక రాత్రి అలా ఉంచి, తెల్లారి తీసి, వంచి, ఆరబెడుతుంది. ఆఖరున దీపం సెగ చూపించి నూలుగుడ్డతో తుడుస్తుంది. మైనం కరిగి పోతుంది. అప్పుడు పేరు బయటికి వస్తుంది.

ఆ నిమిషం కోసమే ఆమె వారమంతా పని చేస్తుంది. చీకటి వెనక గదిలో ఒక్కో పేరు వస్తుంటే గది నిండినట్టు ఉంటుంది. పేరు రాగానే పైకి పిలుస్తుంది. ఎవరూ పలకరు. తర్వాతది తీసుకుంటుంది.

హెబ్రోను పేరు ఆఖరున వచ్చింది. ఆరేళ్లవాడు. వాడి తల్లి అబిగయీలు చిన్నప్పుడు ఈ ఇంట్లోనే కుట్టు నేర్చుకుంది. ఆమెకు కూడా మగ్దలీనమ్మ ఏడేళ్లు వరుసగా గుడ్లు రాసిచ్చింది. ఇప్పుడు వాళ్లు షెడ్డుకు పోతున్నారు. గొడవ తర్వాత అబిగయీలు వీధిలో ఎదురైనా తల వంచుకుని పోతోంది.

ఇద్దరూ వెళ్లక తప్పని చోటు ఒకటుంది. సమాధుల తోట.

ఊళ్లో గుడి చీలింది గానీ సమాధుల తోట చీలలేదు. ఈస్టరుకు ముందు శనివారం అందరూ తమ వాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులు, పూలు పట్టుకుని వస్తారు. ఎవరు ఎవరితో మాట్లాడకపోయినా చచ్చిపోయిన వాళ్లు మాత్రం పక్కపక్కనే ఉన్నారు. మగ్దలీనమ్మ తల్లి సమాధికి రెండు సమాధుల అవతల ఒక చిన్నది ఉంది. అబిగయీలు మొదటి బిడ్డ కెజియాది. రెండున్నరేళ్లకు జ్వరంతో పోయింది. ఐదేళ్లయింది.

తల్లి సమాధి దగ్గరికి మగ్దలీనమ్మ ప్రతి గురువారం పోతుంది. ఊడుస్తుంది. బొగ్గు లారీల దుమ్ము పడితే కడుగుతుంది. అక్కడే కూర్చుని బ్లౌజులకు హుక్కులు కుడుతుంది. ఆమెకు అది ఇంటి వసారా లాంటిది. అక్కడ ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె సరుగుడు కొమ్మ ఒకటి తీసుకుపోయింది. తల్లి తలవైపు మట్టిలో గుచ్చింది. మిషను దారంతో పదిహేడు గుడ్లు కట్టింది. పేర్లు దారి వైపు తిప్పింది. పిల్లలు వస్తారు, పేరు చూసుకుంటారు, ఎవరిది వాళ్లు తెంపుకుంటారు. ఆమె ఎవరి గడపా తొక్కలేదు.

పాత గుడి వాళ్లు ఉత్తరం పక్క నిలబడ్డారు. షెడ్డు వాళ్లు దక్షిణం పక్క. రెండు సౌండుబాక్సులు. రెండు పాటలు ఒకదాని మీద ఒకటి పడి, ఏ పాటా అర్థం కాలేదు. దూరంగా రేవు దీపాలు వెలవెలబోతున్నాయి.

పిల్లలే ముందు చూశారు.

"నాది! నా పేరుండాది!"

"నాది కూడా! ఒరే, నీది ఇదిగోరా!"

మగ్దలీనమ్మ పక్కకు జరిగి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. హెబ్రోను మునివేళ్ల మీద లేచి తన గుడ్డును అందుకున్నాడు. దారం తెగలేదు. కొమ్మ వంగింది.

కెజియా సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తున్న అబిగయీలు తల తిప్పింది. చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. పడేసింది.

"ఎవరు కట్టినారు ఇవి?"

"నేనేనమ్మా," అంది మగ్దలీనమ్మ. "పిల్లకాయలకి."

"సమాధి మీదనా? బతికున్న బిడ్డ పేరు రాసి సమాధి మీద కడతావా?"

"మా అమ్మ దగ్గరే గదా, అబిగయీలూ…"

"ఈ తోటలో నాకొక పేరుండాది. చాల్లేదా నీకు?"

పాటలు రెండూ ఆగిపోయాయి. వెనక నుంచి ఒక ఆడమనిషి, "షెడ్డుకు పోయినామని ఏందో చేయించినట్టుండాదే," అంది. ఇంకొకామె పిల్లవాడి చెంప మీద కొట్టి చేతిలోది లాక్కుని సమాధి గట్టు మీద పెట్టింది. పగలగొట్టలేదు. ఎవరూ పగలగొట్టలేదు. పిల్లల చేతుల్లోంచి తీసి, నిప్పు పట్టుకున్నట్టు తీసి, కింద పెట్టేశారు. మగ్దలీనమ్మ ఉత్తరం వైపు చూసింది. లిల్లీ పాటల పుస్తకంలో ఏదో వెతుకుతోంది. పాత గుడి పెద్దాయన ఒకరు, "ఈ వయసులో తెలీదామ్మా ఆ మాత్రం," అన్నాడు. ఏడాదిలో మొదటిసారి రెండు వైపులవాళ్లూ తలలూపారు.

అబిగయీలు దారం కొరికి హెబ్రోను గుడ్డును కొమ్మ నుంచి తీసింది. రుమాల్లో చుట్టింది. కొడుకు చేయి పట్టుకుని పోయింది.

మగ్దలీనమ్మ పదహారు గుడ్లు బుట్టలో సర్దుకుంది. తల్లి పేరు ఉన్న సిలువ మీద చేయి పెట్టి లేచింది. సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. అరచేతికి అంటింది.

పాత గుడిలో పంచాల్సిన తొమ్మిది కూడా లిల్లీ పంచలేదు. గుడి బీరువాలోనే ఉండిపోయాయి.

సోమవారం ఎవరూ బట్టలు తేలేదు. మంగళవారం కుట్టి పెట్టిన రెండు బ్లౌజులు తీసుకోవడానికి ఒకామె తన కూతుర్ని కాకుండా పనిమనిషిని పంపింది. బుధవారం మగ్దలీనమ్మ మిషను మీద గుడ్డ కప్పింది. గురువారం సమాధుల తోటకు పోలేదు.

గురువారం మధ్యాహ్నం అబిగయీలు వచ్చింది. గడప బయటే నిలబడి రుమాలు చాపింది.

"పగలగొడదామంటే చెయ్యి రాలేదు. ఇంట్లో పెట్టుకుందామంటే నిద్ర రాలేదు. నాలుగు రోజులుగా బియ్యం డబ్బాలో దాచినా," అంది. "నువ్వే రాసినావు. నువ్వే తీసెయ్యి."

"లోపలికి రా."

అబిగయీలు వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది. కుట్టు నేర్చుకునేటప్పుడు కూర్చునే చోటే.

ఇంకోసారి రంగులో ముంచితే పేరు పోదు. చుట్టూ ముదురుతుంది, పేరు ఇంకా తేలుతుంది. మగ్దలీనమ్మకు అది తెలుసు. ఆమె వెనిగరు సీసా తెచ్చింది. పాత పంచె ముక్కను తడిపి పెంకు మీద ఆనించింది. సన్నటి బుడగలు లేచాయి. తుడిచింది. గుడ్డ ముక్క ఎర్రబడింది. మళ్లీ తడిపింది.

అక్షరాల చుట్టూ ఉన్న రంగు కొంచెం కొంచెంగా పలచనైంది. రంగు పోయినచోట అక్షరం ఎక్కడ మొదలైందో తెలియలేదు. 'హె' పోయింది. 'బ్రో' చాలాసేపు ఉంది. దాని చుట్టూ రంగు బాగా పట్టినట్టుంది.

"ఎంతసేపు పడుతుంది?" అంది అబిగయీలు.

"తొందరేమన్నా ఉండాదా?"

"లేదు."

బయట లారీలు పోతున్నాయి. ఆ ఇంట్లో ఇంతసేపు ఇంకొకరి ఊపిరి వినిపించి ఎన్ని నెలలైందో మగ్దలీనమ్మ లెక్కపెట్టలేదు. తుడవడం మాత్రం నెమ్మది చేసింది.

"కెజియాకి రాసినావా ఎప్పుడన్నా?" అంది అబిగయీలు.

"లేదమ్మా. సండేస్కూలుకి రాలేదు గదా. పట్టీలో పేరెక్కలేదు."

"ఊఁ."

అంతే అడిగింది. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, నేల మీద పడి ఉన్న దారపు ముక్కలు ఏరి ఒక చోట పెట్టింది.

గుడ్డు తెల్లబడింది. మగ్దలీనమ్మ కడిగి, తుడిచి, కిటికీ వెలుగులో తిప్పి చూపించింది. ఎక్కడా గీత లేదు. అబిగయీలు కూడా వేలితో తడిమి చూసింది.

"వచ్చే ఏడు రాయొద్దక్కా."

"రాయను."

అబిగయీలు లేచింది. గడప దగ్గర ఆగింది.

"అది ఇట్టియ్యి," అంది. "పేరు లేకపోతే వాడికిస్తా. నాలుగు రోజులుగా ఏడుస్తుండాడు దానికోసం."

రుమాల్లో చుట్టుకుని పోయింది. వీధి మలుపు తిరిగేదాకా మగ్దలీనమ్మ చూసింది.

తక్కిన పదహారు మంది తల్లుల్లో ఎవరూ రాలేదు. ఆమె రెండు రోజులు చూసింది. శనివారం పొద్దున వెనిగరు సీసా మళ్లీ తీసింది. ఒక్కో గుడ్డును తుడిచే ముందు దాని మీది పేరు చదివింది. ఈసారి పైకి పిలవలేదు.

సాయంత్రానికి అయిపోయాయి. అట్ట ట్రేలో పట్టీలో ఉన్న వరుసలోనే పెట్టింది. పాత గుడి పిల్లలకు తొమ్మిది గుంటలు వదిలింది. హెబ్రోనుకు ఒకటి వదిలింది. మిగతావి తెల్లగా, ఒకే తీరుగా, ఎవరు చూసినా తేడా తెలియకుండా ఉన్నాయి.

ఏది ఎవరిదో ఆమెకు తెలుసు.