కెనడప్ప ఉత్తరంలో నా వాక్యం

ఆ రోజుల్లో బళ్లారిలో తెల్లచొక్కాతో కనిపించేవాడు ఊరికి కొత్తవాడైనా అయ్యుండాలి, ఇంట్లోంచి అప్పుడే గడప దాటినవాడైనా అయ్యుండాలి. సండూరు కొండల మీంచి ఖనిజం లారీలు తెంపు లేకుండా దిగుతూనే ఉండేవి. ఎక్కడో చైనాలో ఇనుముకు గిరాకీ పెరిగితే ఇక్కడ మా ఆఫీసు కంప్యూటర్ల మీద ఎర్రదుమ్ము ఇంకొంచెం మందంగా పేరుకునేది. ప్రపంచంతో మా ఊరికి అంత దగ్గరి చుట్టరికం కలిసిన కాలం అది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రాళ్లు పిండికొట్టే యంత్రాలు బిగించే ఒక చిన్న కంపెనీలో టైపిస్టుగా చేరాను. ఆ యంత్రాలను చూసుకోవడానికి కెనడా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడ మగవాళ్లందరి పేర్ల చివరా అప్ప చేరుతుంది కనుక, వచ్చిన వారానికే ఆయన కెనడప్ప అయిపోయాడు. (అసలు పేరు పలకడానికి మా మేనేజరు రెండుసార్లు ప్రయత్నించి విరమించుకున్నాడు.) ఆయనకు అభిప్రాయం లేని విషయమంటూ ఈ భూమి మీద లేదు. టేపురికార్డరు వచ్చిన రోజే సంగీతం చచ్చిపోయిందట. వార్తలు చదివేవాడు అరవడం మొదలుపెట్టాడంటే చెప్పడానికి వార్త లేదని అర్థమట. ప్రపంచమంతా ఇనుము ఇనుమని అరుస్తోంది, పాట కావాలన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని టీ తెచ్చే అతన్ని అడిగేవాడు. అతను నా వైపు చూసేవాడు. నేనేమో నోరు తెరుచుకుని వినేదాన్ని. మా ఇంట్లో అభిప్రాయాలు చెప్పే హక్కు మా అవ్వ ఒక్కదానికే ఉండేది మరి.

ఈ అభిప్రాయాలన్నీ వారానికొక ఉత్తరంగా మారి వాళ్ల ఊరి చిన్న పత్రికకు వెళ్లేవి. ఆయన చేత్తో రాసిస్తే నేను టైపు చేసి పంపేదాన్ని. ఒక వారం ఆయన, ఈ జిల్లా అంతా వెతికాను, లారీ హారన్లు తప్ప పాటన్నది లేదు, ఇక్కడివాళ్లు తమ పాటలు మరిచిపోయారు అని రాశాడు. అది చదివితే నాకు రోషం వచ్చింది. సండూరు రోడ్డూ, హోటలు గదీ తప్ప ఆయన వెతికిందేముంది? అడిగే ధైర్యం లేదు. అడగకుండానే ఆయన మాటగా కింద ఇంకో వాక్యం చేర్చాను: 'అయితే ఈ ఊళ్లో రెండువందల పాటలు నోటికి వచ్చిన ముసలమ్మ ఒకామె ఉందట, వెళ్లి వినబోతున్నాను.' పంపేశాను.

రెండు వారాలకు ఆయన నన్ను గదిలోకి పిలిచాడు. ముసలమ్మ పాట ఎలా ఉందని వాళ్ల అక్క ఆ పత్రిక చదివి రాసిందట. ఉద్యోగం పోయిందనుకుని, ఆ వాక్యం నాదేనని, ఆ ముసలమ్మ మా అవ్వేనని నేల చూస్తూ ఒప్పుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తన ఉత్తరాల్లో ఇంతవరకూ అబద్ధం లేదని, దీన్ని నిజం చేయాల్సిన బాధ్యత ఇద్దరిదీ అని చెప్పి, ఆదివారం మా ఇంటికి ఎన్ని గంటలకు రావాలని అడిగాడు.

ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది. మా అవ్వ పాడటం మానేసి రెండేళ్లయింది. మేం వెళ్లే చర్చికి కొత్త కీబోర్డు వచ్చాక, నీ శ్రుతి దీనికి కలవడం లేదని ఎవరో అన్నారట. ఆ రోజు నుంచి ఆరాధనలో కూడా పెదవులు బిగించుకునే కూర్చునేది.

ఆదివారం కెనడప్ప ఇస్త్రీ చొక్కాతో మా ఇంటికొచ్చి, వరండాలో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో నిండుగా కూర్చున్నాడు. "ఆయప్ప నీ పాట వినేకి వచ్చినాడవ్వా" అన్నాను. అవ్వ చేటలోని బియ్యంలోంచి తలెత్తలేదు. ఆయన దాన్ని మర్యాద అనుకుని, ఇప్పటి పాటలు పాటలే కావు, పాతవన్నీ బంగారం అని మొదలుపెట్టాడు. నేను తెలుగు చేశాను. అవ్వ అప్పుడు తలెత్తింది.

"పాతవన్నీ మంచివే అంటే ఎట్లప్పా? పాత కరువూ మంచిదేనా?"

దాన్ని ఇంగ్లీషులో చెప్పాక ఆయన ఇంకోసారి చెప్పించుకుని, జేబులోంచి పెన్సిలు తీసి రాసుకున్నాడు. అవ్వ ఊరుకోలేదు. "పాట పాట అని ఇన్నినాళ్లూ అంటా ఉండాడంట గదా, ఒగటి పాడమను. ఆమీట చూస్తా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, చిన్నప్పుడు వాళ్లమ్మ పాడిన జోలపాటంటూ ఎత్తుకున్నాడు. సంగీతం గురించి అన్ని నెలలు తీర్పులు చెప్పిన మనిషికి శ్రుతి అన్నదే లేదు. గోడ మీది పిల్లి దిగి వెళ్లిపోయింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి నవ్వి, చివరికి "సాకప్పా, ఇంక చాలు" అని చెయ్యెత్తి ఆపింది. ఆపి, కళ్లు తుడుచుకుని, "జోలపాట అట్ల పాడితే బిడ్డ నిద్ర పోతాదా" అని తనే అందుకుంది.

కీర్తన పాడుతుందనుకున్నాను. పాడలేదు. సంగనకల్లు దగ్గర కూలికి పోయినప్పుడు చెట్టుకు కట్టిన ఉయ్యాలలో మా నాన్నను పడుకోబెడుతూ పాడిన పాటట అది. నేనెప్పుడూ విననిది. గొంతు మొదట బొంగురుగా కదిలి, మెల్లగా దారి దొరకబుచ్చుకుంది. వంటింట్లోంచి అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది. పాటయ్యాక కెనడప్ప లేచి చేతులు జోడించాడు.

మరుసటి ఆదివారం అవ్వ చర్చిలో పాడింది, కీబోర్డు కన్నా ఒక అడుగు ముందే. ఆ వారం ఉత్తరంలో కెనడప్ప అవ్వ అన్న కరువు మాట ఒక్కటే రాసి, ఇకనుంచి వాక్యాలు చేర్చే ముందు చెప్పమని నాకు పెన్సిలుతో చీటీ పెట్టాడు.

ఇప్పుడు నాకూ నలభై దాటాయి. అభిప్రాయాలకూ లోటు లేదు, మా అమ్మాయిని అడిగితే చెబుతుంది. ఆయన టైపు చేయించినవి చాలావరకు నోటికి వచ్చు. అవ్వ జోలపాటలో మాత్రం మొదటి రెండు పంక్తులు దాటితే ఏమీ గుర్తు రాదు. ఆ రోజు పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ కెనడప్ప బరువుకు ఎక్కడ విరుగుతుందోనని ఆ పాటంతసేపూ నేను దాని కాళ్లనే చూస్తూ కూర్చున్నాను.