తాత అడగమన్న మాట

మొన్న మా చిన్నదానికి జలుబు చేస్తే వేడినీళ్లలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేశాను. ఆవిరి ముక్కుకు తగలగానే కర్ణాటకలో బాగేపల్లి దగ్గరి మా మెట్టచేను, అందులో గట్టు నుంచి గట్టుదాకా నిలబడ్డ నీలగిరి చెట్లు, వాటితోపాటు నేను చేసిన పాడుపనీ గుర్తొచ్చి, ఎవరూ ఏమీ అనకపోయినా సిగ్గుతో తల దించుకున్నాను.

చలికాలంలో ఇంటింటా అనపకాయల పితుకుపప్పు ఉడుకుతుంటే, మేం పిల్లలం ఆ చెట్ల కింద రాలిన గట్టికాయలు ఏరి బొంగరాల్లా తిప్పేవాళ్లం. తాత ఒక్కో చెట్టు మొదలూ తడిమి, బెరడు గోకి వాసన చూసి, ఏది కొట్టొచ్చో, ఏది ఇంకో ఏడాది ఆగాలో చెప్పేవాడు. ఆ దుంగలు చింతామణి వైపు ఒక చెక్కల మిల్లుకు పోయేవి. అక్కడికొచ్చే దుంగలు చాలావరకు చివర్లలో పగిలిపోతున్నాయని, రైతులను అడిగి తెలుసుకుందామని మిల్లు ఆఫీసరొకాయన మా ఊరొచ్చాడు. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు, కన్నడమూ రాదు. ఊళ్లో ఇంగ్లీషు మీడియం చదివేది నేనొక్కదాన్నే. మెడలో టైతో, పెద్ద పండితురాలిలా ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

“చెప్పమ్మా ఆయప్పకు,” అన్నాడు తాత. “చెట్టు కొట్టినాక కొమ్మలు తీయకుండా వారం అట్లే పడేస్తాను. లోపలి నీళ్లు ఆకే లాగేస్తాది, దుంగ పగల్దు. మాకు చెట్టు పైపైనే తెలుసు. మిల్లులో కోసినప్పుడు లోపల ఎట్లుండాదో, యాడ చెడతా ఉండాదో మాకూ చెప్పమను.”

నాకు అంత ఇంగ్లీషు ఎక్కడేడ్చింది! రాదంటే పరువు పోతుంది. పైగా వక్కాకు నమిలి ఎర్రబడ్డ తాత నోరు చూసి ఆఫీసరు ఏమనుకుంటాడోనని ఒకటే నామోషీ. “తాతకు ఏమీ తెలియదు సార్” అని బట్టీ ఇంగ్లీషులో చెప్పేశాను. ఆఫీసరు నవ్వి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

“రాసుకోలేదే పాపా?”

“గుర్తు పెట్టుకుంటాడంట తాతా. నీకు కార్డు రాస్తాడంట.”

ఆ తర్వాత పోస్టాయన సైకిలు గంట వినబడితే చాలు, తాత భోంచేస్తున్నవాడు కూడా ఎంగిలిచేత్తో వాకిట్లోకి వచ్చేవాడు. “మిల్లాయప్ప కార్డు ఏమన్నా వచ్చిందాప్పా?” అని అడిగేవాడు. నేను పుస్తకంలో ముఖం దాచుకునేదాన్ని.

ఇప్పుడు ఆ చేలో నీలగిరి ఒక్కటీ లేదు. వేళ్లతో సహా పెరికేసి ఇళ్ల సైట్లు వేశారు. కొట్టిన చెట్టును ఆకులతో పడుకోబెట్టేవాళ్లూ లేరు. తాతా లేడు. చిన్నపిల్లను కదా, ఆఫీసరుకు చెప్పడం చేతకాలేదు, పోనీ అనుకుందాం. ఆ సాయంత్రమే “నాకు చెప్పడం రాలేదు తాతా” అని ఉంటే, మరుసటి పొద్దునే బస్సెక్కి మిల్లుకు పోయి, దుంగ కోస్తుంటే పక్కనే నిలబడి తన కళ్లతో చూసి వచ్చేవాడు. కార్డు వస్తుందన్నాను కాబట్టి వెళ్లలేదు.