మంజుల చదవని చివరి అరవై పేజీలు

నిన్న పొద్దున నాంపల్లి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే స్వప్న ఫోన్ చేసింది. మంజుల చెల్లెలు.

"అక్క పోయిందక్కా."

అంతే. తర్వాత ఏడుపే వినిపించింది.

నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. వెనక నుంచి ఎవరో జర పక్కకు జరగమన్నారు. ఎటు జరగాలో కూడా తోచలేదు.

రెండేళ్ళుగా కిడ్నీల జబ్బు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎప్పుడైనా ఈ ఫోన్ వస్తుందని తెలుసు. తెలిసి ఉండటం ఎందుకూ పనికిరాలేదు.

మంజుల అంటే మీలో చాలామందికి గన్‌ఫౌండ్రీలో తలవంచుకుని పనిచేసుకునే ఆఫీసు మనిషి. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన టీనేజ్ పిల్లల ఫాంటసీ నవల ఉండేదని నాకు తెలుసు. మా ఆయన ఎంత వెక్కిరించినా మా ఇద్దరికీ సిగ్గు రాలేదు.

ఇంటర్ నుంచీ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల బజారు మా అడ్డా. ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం. ముందు ఒకరు చదవాలి, తర్వాత ఇంకొకరు.

మాకొక రూల్ ఉండేది.

ముందు చదివినవాళ్ళకు కథ ఎక్కడ చెడిపోయిందనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గీత గీయాలి. రెండోవాళ్ళు అక్కడ పుస్తకం మూసేయాలి. మిగతా కథ గీత గీసినవాళ్ళే సొంతంగా కల్పించి చెప్పాలి, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తింటూ.

మొదటి గీత మంజులదే. ఏదో డ్రాగన్ కథ. నన్ను గీత దగ్గర ఆపేసి తన ముగింపు చెప్పింది. రాజకుమారుడు డ్రాగన్‌ను చంపలేదట, నాంపల్లి కోర్టులో కేసు వేశాడట. వాయిదాల మీద వాయిదాలు పడి డ్రాగన్ పళ్ళూడి ముసలిదైపోయిందట. నవ్వలేక నాకు పొలమారింది.

ఒకసారి నేను దొంగతనంగా గీత దాటి చదివాను. కనిపెట్టేసింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. రూల్ అంటే దానికి అంత పట్టింపు.

మూడు భాగాల నవల ఒకటి మేమిద్దరం ఏళ్ళుగా ఫాలో అవుతున్నాం. అందులో ఒక పిల్లకు శాపం ఉంటుంది. రోజుకు దోసెడు నీళ్ళకు మించి తాగితే ఒళ్ళు కొంచెం కొంచెంగా రాయైపోతుంది. రెండో భాగం చదివే రోజుల్లోనే మంజులకు కూడా డాక్టర్ నీళ్ళు తగ్గించమన్నాడు. "గీ పిల్లది నా కేసేనే" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మూడో భాగం వచ్చింది. పాత పుస్తకం దొరికేదాకా ఆగలేక కొత్తదే కొన్నాం. డయాలసిస్ రోజుల్లో తనకు ఓపిక ఉండదని ముందు నేను చదివాను.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మూడు భాగాలు ఆ పిల్లను గుక్కెడు నీళ్ళకు ఏడిపించి, చివర్లో నదిలోకి దింపేశాడు ఆ రచయిత. పిల్ల కడుపునిండా నీళ్ళు తాగింది. శాపం పోయింది. ఎందుకు పోయింది, ఎలా పోయింది, ఏమీ లేదు. చేతకాక ముగించేశాడు.

గ్లాసు మీద గీత పెట్టుకుని నీళ్ళు తాగే మనిషికి ఈ అబద్ధం ఎలా ఇవ్వను?

చివరి అరవై పేజీలకు ముందు గట్టిగా గీత గీశాను. పక్కన "ఇక్కడే ఆగు, మిగతాది నేను చెప్తా" అని రాశాను. మంజులను కాపాడుతున్నాననే అనుకున్నాను. పుస్తకం వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాను.

వారం తర్వాత మెసేజ్ పెట్టింది. "గీత దాకా వచ్చిన. పిల్ల నది ఒడ్డున కూసున్నది. జల్ది రా."

వచ్చే ఆదివారం పక్కా అన్నాను.

వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. స్కూల్లో పేపర్ వాల్యుయేషన్ ఉందని చెప్పాను. నిజం ఇప్పుడు చెప్తున్నాను. నా దగ్గర ముగింపు లేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఆ పిల్ల చచ్చిపోవడమో, ఆ రచయిత చెప్పిన అబద్ధమే మళ్ళీ చెప్పడమో. ఉత్త చేతులతో మంజుల ముందు కూర్చునే ధైర్యం లేక తప్పించుకున్నాను. రచయితను చేతకానివాడని తిట్టిన నోటితోనే.

నిన్న వాళ్ళింట్లో స్వప్న చెప్పింది. పోయిన వారం దవాఖానలో మిగతా పేజీలు తాను చదివి వినిపిస్తానందట. మంజుల వద్దని పుస్తకం మూసేసిందట.

"గీత గీసినంక దాటొద్దే. అది వచ్చి చెప్తది."

స్వప్న నన్ను నిందించడానికి చెప్పలేదు. అక్క నన్ను ఎంత నమ్మిందో చెప్పింది. అదే తట్టుకోలేకపోతున్నాను.

పుస్తకం నచ్చకపోవడం నా ఇష్టం. నీ నుంచి దాన్ని లాక్కోవడం నా తప్పు మంజూ. ఆ అబద్ధం చదివి నువ్వు నవ్వేదానివేమో. తిట్టేదానివేమో. ఒక్క రోజైనా నమ్మేదానివేమో. ఏం చేసినా అది నీ వంతు. ఆ వంతు నేనే లేకుండా చేశాను.

ఆలస్యమైంది, అయినా విను. నా దగ్గర వేరే కథ లేదు. పుస్తకంలో ఉన్నదే చెప్తున్నా.

ఆ పిల్ల నదిలోకి దిగింది. దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టి తాగింది. ఎవరూ వద్దనలేదు. ఒళ్ళు రాయి కాలేదు. కడుపు నిండేదాకా తాగి ఇంటికి వెళ్ళిపోయింది.

వెళ్ళిరా మంజూ. నీకు దాహం లేని చోట హాయిగా ఉండు.