నలభై 'ఆయ్'లు, ఒక వంగిన చెట్టు

నిటారుగా నిలబడ్డ కొబ్బరి చెట్టును కూల్చడానికి గాలివాన అక్కర్లేదు, గొడ్డలి అక్కర్లేదు, ఒక బ్లాగు చాలు. ఈ సంగతి కోనసీమలో మొట్టమొదట రుజువు చేసినవాణ్ణి నేనే. ఎలా చేశానో వరసగా చెబుతాను. వరసగా చెప్పడం నాకు జబ్బు. పెళ్ళి భోజనంలో కూడా విస్తట్లో పదార్థాలకి మనసులో నంబర్లు వేసుకున్నాకే చెయ్యి పెట్టేవాణ్ణి. నేను పదకొండో నంబరు దాకా వచ్చేసరికి పక్కవాళ్ళు చెయ్యి కడుక్కుని లేచేవారు.

అది రెండువేల ఏడో ఎనిమిదో. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తయింది. ఉద్యోగం వచ్చింది గాని, వచ్చి చేరమనే ఉత్తరం రాలేదు. పి.గన్నవరం దగ్గర మా ఊళ్ళో ఆ ఉత్తరం కోసం కాచుకుని ఉన్నాను. కూర్చుంటే నిలబడాలనిపించేది. నిలబడితే నడవాలనిపించేది. నడిస్తే బస్సెక్కి అమలాపురం పోవాలనిపించేది. "వీడు కాళ్ళకి చక్రాలు కట్టుకు పుట్టేడు" అనేది మా అమ్మ. ఆ చక్రాలు దొర్లి దొర్లి అమలాపురంలో ఒక నెట్ సెంటర్ ముందు ఆగాయి.

అక్కడ నాకో వ్యాసం దొరికింది. ఇంటర్నెట్టులో రాసేవాడు జనం నమ్మకం ఎలా సంపాదించాలో అందులో రాశారు. సూత్రాలన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఒకటి, ఒకే ఒక్క విషయం పట్టుకో. రెండు, అందులో నీకంటే తెలిసినవాడు లేడన్నట్టు రాయి. మూడు, రాసిన ప్రతి ముక్కా అనుభవం ఉన్నవాళ్ళ చేత ధ్రువీకరించుకో. నాలుగో సూత్రం మీద టీ ఒలికి అక్షరాలు చెరిగిపోయాయి. బహుశా నన్ను కాపాడగలిగింది అదొక్కటే అయి ఉంటుంది.

ఇక విషయం ఎంచుకోవాలి. సినిమాలు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, కొట్టేశాను. క్రికెట్ కొట్టేశాను. కవిత్వం రాయబోతే మొదటి పాదం కుదిరే లోపే నెట్ సెంటర్లో గంట అయిపోయింది, అదీ కొట్టేశాను. తలెత్తి కిటికీలోంచి చూస్తే కొబ్బరి చెట్లు. ఇంతకన్నా ఏం కావాలి? మీరు నవ్వుతారని తెలుసు. అప్పటికి కొబ్బరి గురించి నాకు తెలిసినవి రెండు: పచ్చడి, బోండం. చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు పెద్దలు. నిజమే. కాని ఈత మీద వ్యాసం రాయమంటే ఆ చేప ఏం రాస్తుందో ఎవరూ ఆలోచించరు.

అలా 'కొబ్బరి నిపుణుడు' అనే పేరుతో బ్లాగు పుట్టింది. అసలు పేరు వేయలేదు. వేస్తే మా ఊరివాళ్ళు నవ్వుతారు కదా. మూడు వారాల్లో పాఠకుల లెక్క ముప్ఫై ఒకటికి చేరింది. అమలాపురం వెళ్ళినప్పుడల్లా తెరిచి చూసుకునేవాణ్ణి. నెట్ సెంటర్ యజమాని నా వెనక నిలబడి ఒకరోజు మర్యాదగా దగ్గాడు.

"ఏవండీ, మీరు చూసినప్పుడల్లా ఆ అంకె ఒకటి పెరుగుతోందండి."

"అవునండి. ఆదరణ పెరుగుతోంది."

"ఆయ్. ఓ రెండ్రోజులు చూడ్డం మానేసి చూడండి. ఆదరణ ఎవరిదో తెలుస్తుందండి."

మానేశాను. తెలిసింది. ముప్ఫై ఒకటిలో ఇరవై ఎనిమిది నేనే.

లోపం ఎక్కడుందో చూద్దామని నోటు పుస్తకం తిరగేశాను. మూడో సూత్రం! నేను రాసేదానికి అనుభవజ్ఞుల ముద్ర లేదు. మా వెనక వీధిలోనే సుబ్బారాయుడు బాబాయిగారు ఉన్నారు. బంధుత్వం లేదు, ఊరి వరస. నలభై ఏళ్ళుగా కొబ్బరి తోటలోనే బతికిన మనిషి. ఎదురొచ్చిన దూడని కూడా "కాస్త పక్కకి జరగండి" అనేటంత మర్యాదస్తులు.

ఆయన దగ్గరికి నలభై వాక్యాలు టైపు చేసిన కాగితం పట్టుకెళ్ళాను. ప్రతి వాక్యం ఎదురుగా రెండు గళ్ళు, 'అవును' ఒకటి, 'కాదు' ఒకటి. శాస్త్రీయ పద్ధతి అంటే అలా ఉండాలి మరి.

"బాబాయిగారూ, ఒకటోది. కొబ్బరికి ఉప్పు వేస్తే మంచిది."

"ఆయ్."

'అవును' గడిలో టిక్కు.

"రెండోది. ఎండాకాలం చెట్టు మొదట్లో కొబ్బరి పీచు డొక్కలు పరిస్తే తేమ నిలుస్తుంది."

"ఆయ్."

టిక్కు. ఇలా నలభై వాక్యాలకీ నలభై 'ఆయ్'లు. ముప్ఫై మూడో వాక్యం దగ్గర ఆయన కునుకు తీస్తున్నారు. ఆ కునుకులోంచి కూడా 'ఆయ్' స్పష్టంగానే వచ్చింది. 'కాదు' గళ్ళు కొత్త గోడల్లా తెల్లగా మిగిలాయి. నూటికి నూరు! ఏ పరీక్షలోనూ నాకు రాని మార్కులు.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, 'ఆయ్' అంటే ఏమిటో నాకు తెలియక కాదు. భోంచేసి వెళ్ళండన్నయ్యా అని మా అమ్మ అంటే ఇదే బాబాయిగారు "ఆయ్" అని చెప్పులేసుకుని వెళ్ళిపోవడం వందసార్లు చూశాను. కాని నా కాగితంలో రెండే గళ్ళున్నాయి. 'ఆయ్'కి మూడో గడి గీయాలని తట్టలేదు. చదువు మనిషికి కొత్త కళ్ళిస్తుందంటారు. నా విషయంలో అది పాత చెవులు లాక్కుంది.

ఆ నలభైలో ఇరవై ఏడోది అచ్చంగా నా సొంత ఆవిష్కరణ. కాలువ గట్ల వెంట వంగిన కొబ్బరి చెట్లను చూస్తే నాకు చెయ్యి ఊరుకునేది కాదు. గోడ మీద పటం వంకరగా ఉంటే సరిచేయాలనిపించదూ? అలాగన్నమాట. వంగిన చెట్టుకి ఇనుప తాడు కట్టి, ఎదురుగా ఉన్న నిటారు చెట్టుకి చైన్ బ్లాకు తగిలించి, మెల్లగా లాగి నిలబెట్టవచ్చని లెక్కలు కట్టాను. చైన్ బ్లాకంటే లారీ షెడ్లలో ఇంజన్లు పైకి లేపే గొలుసు యంత్రం. "వంగిన కొబ్బరి చెట్టును నిలబెట్టే ఏడు మెట్లు" అని బొమ్మలతో సహా బ్లాగులో పెట్టాను. అడుగున లావు అక్షరాలతో, "నలభై ఏళ్ళ అనుభవం గల కోనసీమ రైతు ధ్రువీకరించినది." రైతు పేరు వేయలేదు. వేస్తే జనం నన్ను వదిలేసి ఆయన్నే అడుగుతారని భయం.

నాలుగోనాడు బ్లాగుకి ఒక ఉత్తరం వచ్చింది. 'గోదావరోడు' అనే పేరుతో కువైట్ నుంచి ఎవరో రాశారు. "సార్, ఊళ్ళో మా కొత్త డాబాకి శ్లాబు వేసే చోటికి ఓ కొబ్బరి చెట్టు వంగి ఉందండి. కొట్టేద్దామంటే మా అమ్మ అన్నం మానేసింది. మీ ఏడు మెట్లూ నాన్నగారికి ఫోన్లో చెప్పి రాయించేను. ధైర్యంగా చేసుకోవచ్చా అండి?"

నా మొదటి అసలైన పాఠకుడు! కుర్చీలోంచి లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చివరికి నిలబడే ఒక్క మాట టైపు చేశాను: "నిస్సందేహంగా."

వారం తిరక్కుండా మంగ పిన్నిగారు, అంటే సుబ్బారాయుడు బాబాయిగారి భార్య, మా గుమ్మంలో నిలబడ్డారు.

"బాబూ, ఇంజనీరువి కదా, ఓసారి వచ్చి చూద్దూ. మా చెట్టు లాగుతున్నారు."

"ఏ చెట్టండీ?"

"మా అమ్మ కె.గంగవరం నుంచి విత్తనం కాయ తెచ్చిచ్చింది చూడూ, ఆ చెట్టు. అమ్మ గుర్తుగా అదొక్కటే మిగిలింది. డాబాకి అడ్డం, కొట్టెయ్యాల్సిందే అన్నాడు కువైట్లో ఉన్న మా అబ్బాయి సూరిబాబు. ఇంతలో ఎవరో పెద్దాయన నెట్టులో ఉపాయం రాసేరట. దేవుడల్లే వచ్చి మా చెట్టుకి ఆయుష్షు పోసేరు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

ఆ పెద్దాయన ఆమె ఎదురుగానే లుంగీ సర్దుకుంటున్నాడు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కాని చెట్టు లేచి నిలబడ్డాక, జనం చప్పట్లు కొడుతుంటే, "ఆ నిపుణుణ్ణి నేనే" అని ప్రకటించాలని నా ఆశ. వేదిక కట్టకముందే దండ వేసుకున్న మనిషి కథ విన్నారా? వినకపోతే ఇదే వినండి.

వెళ్ళేసరికి సగం ఊరు అక్కడే ఉంది. వంగిన చెట్టు నడుముకి ఇనుప తాడు కట్టారు. కాలువ గట్టు మీద, తోటలోకల్లా ఎక్కువ కాపు కాసే నిటారు చెట్టుకి చైన్ బ్లాకు తగిలించారు. గొలుసు పట్టుకుని నలుగురు మనుషులు. సూరిబాబు ఫోన్లో చెప్పిన ఏడు మెట్లూ రాసిన కాగితం బాబాయిగారి చేతిలో ఉంది. డాబా కడుతున్న అబ్బులు మేస్త్రి తాపీ పట్టుకుని, మనసులో ఏదో మాట ఉన్నవాడిలా గోడ వారన నిలబడ్డాడు.

"లాగండి," అన్నాను. ఎవరూ నన్ను అధికారి చేయలేదు, నేనే అయిపోయాను.

గొలుసు కిర్రుమంది. తాడు బిగిసింది.

"ఏవండీ," అన్నాడు అబ్బులు, "చెట్టు కదులుతోందండి."

"కదలాలి కదండీ! ఇంకో నాలుగు పట్లు!"

"వంగింది కాదండి. నిటారుది కదులుతోందండి."

"అదెందుకు కదులుతుందండీ? అది ఆధారం."

"ఆయ్. ఆ సంగతి దానికి తెలీదేమోనండి."

నా లెక్కలో తాడు బలం ఉంది, గొలుసు బలం ఉంది, చెట్టు బలం కూడా ఉంది. కాలువ గట్టు మట్టి బలం మాత్రం లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. సామెత చెప్పినవాడు నన్ను ఎరగడు. నూరేళ్ళు నిలబడాల్సిన ఆ చెట్టు నాలుగు పట్లకే వంగి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం ఆపకుండా వేళ్ళతో సహా లేచి, ఇసక గుట్ట మీద ధబీమని సాష్టాంగపడింది. తాడు వదులవగానే వంగిన చెట్టు ఒళ్ళు విరుచుకున్నట్టు ఊగి, నాలుగు కాయల్ని సిమెంటు తొట్టెలోకి రాల్చి, ఎప్పటిలాగే డాబా మీదికి వాలి నిలబడింది. సిమెంటు నీళ్ళు లేచి నిపుణుడి మొహం మీద పడ్డాయి.

పిన్నిగారు పరుగున వెళ్ళి తన చెట్టుని తడిమి చూసుకున్నారు. దానికేం కాలేదు. బాబాయిగారు తన చెట్టు వైపు చూశారు. దానికి కానిదంటూ లేదు.

"పోనీలెండి," అన్నాడు అబ్బులు నెమ్మదిగా, "శ్లాబు ఆ మూల రెండడుగులు తగ్గించుకుంటే సరిపోతుందండి. చెట్టు దారిన చెట్టుంటుంది."

"ఆ ముక్క ముందే ఏడవలేకపోయేవా?" అన్నారు పిన్నిగారు.

"నన్నెవరడిగేరండీ? నెట్టులో ఆయన్ని అడిగేరు."

ఇక దాచడం నా వల్ల కాలేదు. మొహం తుడుచుకుని, "బాబాయిగారూ, ఆ నెట్టులో ఆయన నేనే," అన్నాను.

పిన్నిగారు నన్ను నఖశిఖ పర్యంతం చూశారు. "నువ్వా? ఎక్కడున్నా చల్లగా ఉండాలని ఇందాక నిన్నా దీవించేను? వెనక్కి తీసుకుంటున్నాను."

"నా ఒక్కడి తప్పు కాదండీ! బాబాయిగారు కూడా అవునన్నారు. ఇరవై ఏడో వాక్యం. చెట్టుని తాడు కట్టి లాగొచ్చు అన్నాను. మీరు 'ఆయ్' అన్నారు."

"ఆయ్, అన్నాను."

"అంటే అవుననే కదండీ!"

"అవునని ఎవరన్నారు బాబూ? వింటున్నాను, చెప్పుకో అని. కుర్రాడు ముచ్చటపడి నలభై ముక్కలు రాసుకొచ్చేడు, కాదని ఎలా అంటాం? బాగుంటుందా?"

"మరి తప్పని తెలిసీ ఇవాళ ఎందుకు లాగించేరండీ?"

బాబాయిగారు చేతిలో కాగితం అడుగు వరస చూపించారు. సూరిబాబు చెప్పగా ఆయన స్వయంగా రాసుకున్నదే. "నాకూ మనసొప్పలేదు బాబూ. కాని ఇదిగో, నలభై ఏళ్ళ అనుభవం ఉన్న రైతు ఖాయం చేసేడన్నాడు మావాడు. అంత అనుభవస్తుడి మాట కాదనడానికి నేనెంతటివాణ్ణి అనుకున్నాను."

"ఆ రైతు మీరే బాబాయిగారూ."

ఆయన ఆ కాగితం వైపు, పడిపోయిన చెట్టు వైపు, నా వైపు చూశారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"ఆ ముక్క ముందే చెబితే అస్సలు నమ్మేవాణ్ణి కాదు కదా బాబూ!"

జరిగిందంతా ఆ వారమే బ్లాగులో రాసేశాను, మట్టి బలం మర్చిపోయిన లెక్కతో సహా. చిత్రం ఏమిటంటే, చూడ్డం మానేసినా ఆ రోజు అంకె పెరిగింది. కువైట్ నుంచి సూరిబాబు ఒకటే వాక్యం రాశాడు: "మీరు రాసినవాటిలో ఇదొక్కటీ నిజమని మా అమ్మ ధ్రువీకరించిందండి."

అందుచేత, కోనసీమలోని సమస్త కొబ్బరి చెట్ల సాక్షిగా, సిమెంటు అంటిన మొహంతో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా నా మాటకి నలభైసార్లు వరసగా తలూపితే ఆ క్షణమే నోరు మూసుకుంటాను. తాపీ పట్టుకుని గోడ వారన మౌనంగా నిలబడ్డవాణ్ణి అందరికంటే ముందు అడుగుతాను. వంగినవాటిని వంగినట్టే ఉండనిస్తాను. నిటారుగా ఉన్నవాటికి నా నీడ కూడా తగలనివ్వను.