పునుగు పిల్లికి అత్తరు

ఔ బిడ్డా, ఫోన్ల నువ్వు అడిగింది నిజమే. అడవిల అత్తరు పూసినం. పిల్లికి కాదు, రాయికి.

నేను రిటైరయ్యే ముందటి చలికాలం అది. నాంపల్లి ఫారెస్టు ఆఫీసుల నన్ను గడ్డిమైదానాల పనికి వేసిన్రు. నా కొలువు పేరు వైల్డ్‌లైఫ్ బయాలజిస్టు. అంటే జంతువు ఉన్నదా లేదా చూసి చెప్పాలె. హుకుం ఇచ్చేది మాత్రం పెద్దసారు.

ఆ మైదానం ఎండకాలం తప్పకుంట అంటుకుంటది. అందుకనే చలికాలంల, గడ్డి జర పచ్చిగున్నప్పుడే ఎండకాలం మంట పాకకుంట మేమే ముందుగాల కాలవెడ్తం. పెద్దసారు మొత్తం ఒక్కసారే కాలవెట్టాలన్నరు. నేనేమో ముక్కలు ముక్కలుగ కాల్చి, రాళ్లగుట్ట పక్క పొడుగు గడ్డి ఇడిసిపెట్టాలన్న. మంటల చచ్చే చిన్న జంతువులు తక్వ బిడ్డా. మంట ఆరినంక దాక్కునే జాగ లేక కుక్కల నోట్ల పడేటివే ఎక్వ.

"గాడ ఏమున్నయి మేడం, బర్రెలు తప్ప?" అన్నరు సారు.

"పునుగు పిల్లి ఉన్నది సార్."

"అయితే ఫోటో చూపియ్యున్రి. వచ్చే నెల దీని మీదనే మీటింగ్ ఉన్నది, ఆ లోపల చూపియ్యకపోతె నేను అగ్గిపెట్టె తీస్త."

చెట్లకు కెమెరాలు కట్టినం. ముందట ఏది కదిలినా వాటంతట అవే ఫోటో తీస్తయి. తీసినయి. బర్రె ముఖం, బర్రె తోక, కెమెరాను నాకుతున్న బర్రె నాలిక.

గిట్లాంటప్పుడు కెమెరా ముందటి రాయికి ఘాటు వాసన పూస్తరు, జంతువు వచ్చి జర సేపు నిలవడ్తదని. నేను మొజంజాహీ మార్కెట్ కాడ అత్తరు దుకాణానికి నడిసిపోయిన. దుకాణమాయన తెల్లగడ్డం పెద్దమనిషి.

"పెండ్లికా అమ్మా?"

"కాదు, పునుగు పిల్లికి."

ఆయన సీసా కింద పెట్టిండు. "వెనకటికి ఆ పిల్లి ఒంట్ల ఊరే పునుగుతోనే అత్తరు చేసేటోళ్లు. దానికే అత్తరా? తాతకు దగ్గులు నేర్పుతరా?" అని నవ్వి, కస్తూరి వాసనది ఇచ్చిండు. "నచ్చిందో లేదో వచ్చి చెప్పాలె" అన్నడు. సరే అన్న.

మూత వదులున్నట్టుంది. అబిడ్స్‌ల బస్సెక్కితె ముందు సీటాయన తుమ్ములు ఆపలే. పక్కామె "ఎవల పెండ్లి పెద్దమ్మా?" అని దూరం జరిగింది.

సీసాను మైదానం కాపలా చూసే వాచరు నర్సింలుకిచ్చిన. రోజూ పొద్దుగూకంగ రాయికి పూసుడు ఆయన పని. కెమెరాలకెళ్లి తీసిన ఫోటోల కార్డు సరిగ్గ మీటింగ్ పొద్దున వచ్చింది. ముందుగాల చూసే టైం లేక సారు ముందటే పెట్టిన.

మొదటి ఫోటోల నర్సింలు రాయికి అత్తరు పూస్తున్నడు. రెండో దాంట్ల అటు ఇటు చూస్తున్నడు. మూడో దాంట్ల అంగీ కాలరు రాయికి రుద్దుతున్నడు. నాలుగో దాంట్ల దువ్వెన తీసిండు.

"మేడం, మనం కాపాడే జంతువు గిదేనా?" అన్నరు సారు. గదంత ఒక్కటే నవ్వు. నేను తల వంచుకొని నర్సింలుకు ఫోన్ కొట్టిన.

"మా బామ్మర్ది పెండ్లి ఉండె మేడం. గంత మంచి అత్తరు రాయికి పూస్తే పాణం ఒప్పలే. ఫోటోల మంచిగున్ననా?"

ఫోన్ పెట్టేసి ఆఖరి ఫోటో నొక్కిన. నర్సింలు రాయికి ఆనుకొని కూసొని తల దువ్వుకుంటున్నడు. ఆయన వెనక, పొడుగు గడ్డిలకెళ్లి మెడ సాచి, ఆయన వీపును వాసన చూస్తున్నది పునుగు పిల్లి. తోక మీది పట్టీలు సుత సాఫ్ కనవడుతున్నయి.

నవ్వు ఆగింది. సారు ఫోటో పెద్దగ చెయ్యమన్నరు. జర సేపు చూసి, "రాళ్లగుట్ట పక్క గడ్డి ముట్టద్దు" అని హుకుం ఇచ్చిన్రు. ఆ ఎండకాలం మంట వచ్చింది. మేము ముందుగాల కాల్చిన ముక్కల కాడ ఆగింది. గడ్డి మిగిలింది.

దాంతోని నేను నేర్చుకున్నది ఒకటే. కార్డు ముందుగాల ఒక్కదాన్నే చూడాలె, అటెన్క సారు ముందట పెట్టాలె.

మాట ఇచ్చిన కాబట్టి అత్తరు దుకాణానికి పోయి నచ్చిందని చెప్పిన, నర్సింలు సంగతి చెప్పి ఫోటో చూపిచ్చిన. పెద్దమనిషి అద్దాలు పెట్టుకొని చూసిండు, చూసిండు. "అమ్మా, రాయి మీద అత్తరు ఒక తీరు, మనిషి ఒంటి మీద ఒక తీరు వాసనొస్తది. పిల్లి ఏ అత్తరుకొచ్చింది, రాయిదానికా, నర్సింలుదానికా?"